సమాధానం: లైఫ్ జాకెట్ చెవుల దాకా లేచిపోతుంటే

ఆత్రేయపురం కాలువలో సంక్రాంతి పడవ పోటీకి ప్రాక్టీస్ చేస్తున్న మీ తమ్ముడు, నీళ్లలో పడగానే జాకెట్ చెవుల దాకా లేస్తోందని, తెడ్డు వేస్తుంటే చేతులకు అడ్డమని విప్పేస్తున్నాడన్నారు కదండీ. ముందు సైజు చూడండి. పెద్దవాళ్లకు ఛాతీ చుట్టుకొలతను బట్టి తీసుకోవాలి, పిల్లలకైతే బరువును బట్టి. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు కింద నుంచి పైకి బిగించమనండి. మీరు వెనక నిలబడి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డానికి తగిలిందంటే ఇంకా వదులే. బిగించినా లేస్తుంటే కాళ్ల మధ్య పట్టీ ఉన్న రకం కొనండి.

చేతులకు అడ్డమంటే లోపలి లేబుల్ చదవండి, తేల్చే బలం న్యూటన్లలో రాసి ఉంటుంది. 100, 150 న్యూటన్ల జాకెట్లు మనిషిని వెల్లకిలా తిప్పడానికి చేసినవి, లావుగా ఉంటాయి. ఈత వచ్చి తెడ్డు వేసేవాళ్లు 50 న్యూటన్లది, చంకల దగ్గర వెడల్పుగా కోసినది వాడతారు. సుమారు 5 కేజీల బరువును తేల్చే బలం దానిది. స్పృహ తప్పితే మాత్రం అది ముఖాన్ని పైకి తిప్పదు, ఈత రానివాళ్లకు అసలొద్దు.

ఇక ఈత వచ్చు, జాకెట్ ఎందుకన్న ధీమా వద్దు. పడవ తిరగబడితే పక్కవాడి తెడ్డు తలకు తగలచ్చు, గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకోవచ్చు. లాకుల దగ్గర లాగుడు సరేసరి!

పాత జాకెట్ అయితే ఫోమ్ నొక్కి చూడండి, గట్టిపడితే మార్చేయండి. మన రేవుల్లో చాలా జాకెట్లు కూర్చోడానికే వాడతారు, ఫోమ్ అణిగిపోయేది అందుకే. కొత్తది వేసుకుని ముందు ఛాతీ లోతు నీళ్లలో తేలి చూడమనండి.