ఆరెకరాల కౌలు: సంతకానికి ముందు ఈ లెక్క చూడండి

పల్నాడు నుంచి ఒక రైతు అడిగారు: సొంతంగా 3 ఎకరాల మిర్చి, ఎకరాకు 20 క్వింటాళ్లు వస్తోంది, ఇంకో 6 ఎకరాలు ఎకరా 40 వేల చొప్పున కౌలుకు తీసుకుంటే ఆదాయం మూడింతలు అవుతుందా, కౌలు డబ్బు 2 రూపాయల వడ్డీకి తేవచ్చా అని.

అవదండీ. పొలం మూడింతలు అవుతుంది కానీ ఎకరా దిగుబడి అలాగే నిలబడదు. మీరూ మీ ఇంటావిడా రోజూ చేలో ఉంటున్నారు కాబట్టే ఆ 20 క్వింటాళ్లు. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ఎలా దెబ్బతీసిందో మీకు నేను చెప్పక్కర్లేదు, పువ్వును అరచేతిలో దులిపి చూసుకుంటే గానీ తెలియని పురుగది, 9 ఎకరాల్లో అంత శ్రద్ధగా రోజూ చూసే కూలీ ఎక్కడ దొరుకుతాడు? పొలం పెరిగేకొద్దీ ఎకరా దిగుబడి తగ్గుతోందని మన దేశపు లెక్కలు చూపించి 1962లోనే ఆర్థికవేత్త అమర్త్యసేన్ రాశారు, చిన్న కమతంలో ఇంటిల్లిపాదీ చేసే చాకిరీయే అందుకు ముఖ్య కారణమని. యంత్రాలతో కోసే వరి, మొక్కజొన్నల్లో ఆ తేడా అంతగా ఉండకపోవచ్చు, మిర్చి కోతకు మాత్రం ఇప్పటికీ మనిషి చేతులే.

అలాగని 3 ఎకరాలతోనే సరిపెట్టుకోమనను. ఎకరాకు ఎంత బాగా పండినా మొత్తం చేతికొచ్చేది తక్కువైతే ఇల్లు గడవదు, మీ ఆరాటం నాకు అర్థమవుతోంది.

లెక్కకొద్దాం. కౌలు 2 లక్షల 40 వేలు, పది నెలల వడ్డీ 48 వేలు. రెండూ కలిపి 2 లక్షల 88 వేలు, అంటే ఎకరాకు 48 వేలు. క్వింటా 12 వేలకు అమ్మినా 4 క్వింటాళ్లు దానికే పోతాయి. చూసేవాళ్లు లేక దిగుబడి 16కి పడిందనుకోండి, మీకు మిగిలేది 12 క్వింటాళ్లే, విత్తనం, ఎరువులు, మందులు, కోత కూలి అన్నీ అందులోంచే. ధర పడిపోతే ఇంకేముంది, సొంత పొలం మీద వచ్చింది కూడా ఆ అప్పుకే కట్టాలి.

నా సలహా: ఈ ఏడాది రెండెకరాలే తీసుకోండి, అదీ మీ చేను పక్కదే. 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, దాని జోలికి పోవద్దు. సొంత పొలం మీద కిసాన్ క్రెడిట్ కార్డుకు వెళ్లండి, 3 లక్షల వరకు 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. కౌలు భూమికి, కౌలు రైతుకు ప్రభుత్వం ఇచ్చే సాగుదారు హక్కు కార్డు రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి, అది లేకుండా ఆ భూమి మీద బ్యాంకులో పంట రుణం పుట్టడం చాలా కష్టం.