ఆ పిల్ల ఏ నెలలో పుట్టింది?

తమ్ముడూ,

నీ కథ చదివాను. ఓర్క్నీ దీవులు, ఐదు వేల ఏళ్ల కిందటి కాపరి, డిసెంబర్ రాత్రి గొర్రె ఈనడం. సీన్ బాగానే పండింది కానీ నెల కుదర్లేదు. మన దగ్గర పగటి పొద్దు ఏడాదంతా పెద్దగా మారదు కాబట్టి మేత బాగుంటే మంద ఏ కాలంలోనైనా ఈనుతుంది, నువ్వు అదే లెక్కను స్కాట్లండ్ ఉత్తరపు కొసకి పట్టుకెళ్లావు. అక్కడ పొద్దు తగ్గుతుంటేనే గొర్రె ఎదకొస్తుంది. చూడి ఐదు నెలలు. అక్టోబర్, నవంబర్లలో పొట్టేలు కలిస్తే మార్చి, ఏప్రిల్లలో ఈనుతుంది, గడ్డి మొలిచే వేళకి తల్లికి పాలుంటాయి.

ఇదంతా ఎలా తెలుసంటావా? తవ్వకాల్లో దొరికిన గొర్రె దంతాల వల్ల. గొర్రె రెండో దవడపన్ను పైపొర, అంటే ఎనామిల్, దాదాపు మొదటి ఏడాదిలోనే తయారవుతుంది, ఆ తర్వాత మారదు. తాగే నీళ్లలో బరువైన రకం ఆక్సిజన్ (ఆక్సిజన్-18) వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ, ఆ తేడా ఎనామిల్‌లో నిలిచిపోతుంది. పన్ను మీద పైనుంచి కిందికి వరసగా కాస్త కాస్త పొడి గీకి పరీక్షిస్తే వేసవి ఏ ఎత్తున పడిందో తెలుస్తుంది, పుట్టిన కాలం తెలిసిన ఇప్పటి గొర్రెల పళ్లతో దాన్ని పోలుస్తారు. ఓర్క్నీలోనే, హోమ్ ఆఫ్ పాపా వెస్ట్రే అనే చిన్న దీవిలో దొరికిన పళ్లలో కార్బన్ చూస్తే, ఆ గొర్రెలు చలికాలంలో సముద్రపు నాచు తిన్నాయని కూడా తేలింది. కాబట్టి నీ ఎండుగడ్డి మోపులు తీసేసి మందను ఒడ్డుకు తోలు.

ఇంకోటి, నీ కాపరి అన్నీ తనే ప్లాన్ చేస్తున్నాడు. దక్షిణ ఫ్రాన్స్ వైపు క్రీ.పూ. 6వ సహస్రాబ్దికే శరత్కాలంలో పుట్టిన గొర్రెపిల్లల ఆనవాళ్లున్నాయి. అది పొట్టేళ్లను వేరుగా ఉంచి కావలసినప్పుడు మందలో వదిలిన మనిషి పనా, చలి తక్కువున్న చోట గొర్రె ఒంటి తీరా? పన్ను కాలం చెబుతుంది గానీ ఎవరి నిర్ణయమో చెప్పదు. కథ కదా, నువ్వు ఏదో ఒకటి ఎంచుకోవచ్చు, కానీ అది నీ ఊహేనని నీకు తెలిసుండాలి. 'ఆదిమానవుడు ప్రకృతిని జయించాడు' అన్న వాక్యాన్ని మాత్రం మొహమాటం లేకుండా కొట్టెయ్.

డిసెంబర్ రాత్రి వదులుకోలేకపోతే ఈనే గొర్రె స్థానంలో చూడి గొర్రెను పెట్టు (అక్కడ మంచు కన్నా ఈదురుగాలే ఎక్కువ, అదీ చూసుకో). ఈనే సీన్‌ని ఏప్రిల్‌కి జరిపి మళ్లీ రాసి పంపు.