ఉద్యోగం మానేసి చరిత్ర పుస్తకాలు రాయొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఒక తెలుగు దినపత్రికలో 14 ఏళ్లుగా చేస్తున్నాను. చేతికి 58,000 జీతం, ఇంటి ఖర్చు 40,000. పొదుపు 6 లక్షలు, పీఎఫ్ 9 లక్షలు ఉన్నాయి. ఆదివారం సంచికలో రాసిన చరిత్ర వ్యాసాలు కొన్ని పుస్తకంగా వచ్చి (వెల 250, రాయల్టీ పది శాతం) వెయ్యి కాపీలు అమ్ముడయ్యాయి. ఇంకా 200 వ్యాసాలున్నాయి. ఉద్యోగం మానేసి పూర్తిగా పుస్తకాలే రాయొచ్చా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. రాయడం మాత్రం ఆపకండి. వెయ్యి కాపీలు పోవడం చిన్న విషయం కాదు, పాఠకులు మీకు దొరికారు.

అయితే ఆ వెయ్యి కాపీలకు మీకొచ్చింది 25,000. అది ఇంట్లో మూడు వారాలకు కూడా చాలదు. పైగా చరిత్ర పుస్తకానికి ఖర్చు ముందు, రాబడి వెనక. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులకు చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, నిజాం కాలం కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఆ తిరుగుడుకు డబ్బు ఇవాళే కావాలి. రాయల్టీ మాత్రం పుస్తకం అచ్చయి, అమ్ముడై, లెక్కలు తేలాకే వస్తుంది. మీ 6 లక్షలు పదిహేను నెలల్లో కరిగిపోతాయి.

మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ 200 వ్యాసాలే నా దృష్టిలో మీ అసలు ఆస్తి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసిన వ్యాసాన్ని పత్రికలో వేసుకునే హక్కు యాజమాన్యానిది. వేరే ఒప్పందం లేకపోతే మిగతా హక్కులు రాసినవారివే. అందుకే ఈ రాత్రే మీ నియామక పత్రం తీసి చదవండి. హక్కులన్నీ సంస్థవే అని అందులో ఉంటే, ఉద్యోగంలో ఉండగానే పుస్తకానికి రాతపూర్వక అనుమతి అడగండి. బయటికొచ్చాక అడగడం కష్టం.

ప్రచురణకర్తతో కూడా అంతే జాగ్రత్త. హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారో ఒప్పందంలో రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కిస్తుంది, సరే. కానీ ఆడియో, అనువాదం, వెబ్ సిరీస్ హక్కులు కలిపి ఒకే సంతకంతో ఇచ్చేయకండి. కాపీరైట్ మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఒక్కసారి వచ్చే మొత్తం చూసి అన్నీ రాసిచ్చేసినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాయల్టీపై 3 లక్షల వరకు ఉన్న పన్ను మినహాయింపు ఆదాయపు పన్ను పాత విధానంలోనే దొరుకుతుంది. మీ రాయల్టీ ఇంకా చిన్నదే కాబట్టి మీకిప్పుడు దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇక ఎప్పుడు మానేయాలంటే, రెండేళ్ల ఇంటి ఖర్చు, అంటే 9.6 లక్షలు, చేతిలో ఉన్నప్పుడు. ఇంకా 3.6 లక్షలు కావాలి. నెలకు మిగిలే 18,000 రికరింగ్ డిపాజిట్లో వేస్తే ఇరవై నెలల పని. ఈలోగా ఆ వ్యాసాల్లోంచి రెండో పుస్తకం తయారు చేయండి. దానికి కొత్తగా తిరగాల్సింది తక్కువ. మానేసినప్పుడు వచ్చే గ్రాట్యుటీని మూడో పుస్తకం పరిశోధనకు పక్కన పెట్టండి. పీఎఫ్ ముట్టుకోవద్దు. దాని వెంట ఉండే పెన్షన్ పథకంలో మీకు పదేళ్లు దాటాయి కాబట్టి 58 నిండాక పింఛను కూడా ఉంటుంది.

ఒక్క పని మాత్రం ఇరవై నెలలు ఆగకూడదు. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల వరకు నిరీక్షణ గడువు ఉండొచ్చు, అంటే ఆలోపు వాటికి బీమా డబ్బు రాదు. కుటుంబానికి సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, ఆ గడువు మీరు జీతంలో ఉండగానే మొదలవుతుంది.