గాలిలో సీసం వెతికేముందు

చిరంజీవి అమ్ములుకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

విశాఖ వన్‌టౌన్ గాలిలో లోహాల మీద, అక్కడి పిల్లల ఆరోగ్యం మీద నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. నా ఉద్యోగమంతా గడిచింది ఆ పనిలోనే కదా. పుస్తకాల్లో దొరికేవి నీకు తెలుసు, అవి రాయను. నేను నష్టపోయి నేర్చుకున్నవే రాస్తాను. ఓపిగ్గా చదువు.

ముందు ఒక లెక్క వేసుకో. నీ శాంప్లర్ నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీలుస్తుంది. 24 గంటలకు 24 ఘనపు మీటర్లు. గాలిలో సీసానికి మన దేశంలో 2009లో పెట్టిన పరిమితి, ఏడాది సగటున ఘనపు మీటరుకు 0.5 మైక్రోగ్రాములు. అంటే సరిగ్గా పరిమితి దగ్గరున్న గాలిని రోజంతా పీల్చినా ఫిల్టర్ మీద చేరేది 12 మైక్రోగ్రాముల సీసం. ఒక్క ఉప్పు రవ్వ బరువు కూడా ఉండదు. నువ్వు అందులో పదో వంతును కూడా నమ్మకంగా కొలవాలి. ఇప్పుడు ఆలోచించు: నీ గోరు సందులో ఉన్న దుమ్ము ఎంత, ల్యాబ్ గోడ మీద పెచ్చులూడే పాత రంగు ఎంత, నీ కళ్లకున్న కాటుక ఎంత? నువ్వు వెతికే దానికంటే నువ్వు తెచ్చిపడేసేదే ఎక్కువ కావచ్చు.

ఇది నాకు జరిగింది. పనిలో చేరిన రెండో ఏడాది ఒక చలికాలం మొత్తం ఫిల్టర్లు పట్టాను. తెల్లవారుజామున లేచి పంపులు మార్చడం, రాత్రి పదకొండుకు రీడింగులు రాసుకోవడం. లెక్క చూస్తే జింక్ కుప్పలుగా ఉంది. ఏదో పెద్ద విషయం పట్టేశాననుకుని పేపర్ కూడా రాసేశాను. మా ల్యాబ్‌లో ఒక పెద్దావిడ అది చదివి, "వాడని ఫిల్టర్‌ను కరిగించి చూశావా అమ్మా?" అని అడిగారు. చూడలేదు. అప్పుడు చూశాను. బయట గాలి తగలని ఫిల్టర్‌లో కూడా దాదాపు అంతే జింక్. మేం వాడింది గ్లాస్ ఫైబర్ ఫిల్టర్, జింక్ ఆ గాజులోనే ఉంది. మిగతాది నా రబ్బరు గ్లోవ్స్ నుంచి. ఆ చలికాలం శ్రమంతా పక్కన పెట్టాను. చాలా ఏడ్చాను కూడా.

అందుకే నీకు గట్టిగా చెప్తున్నా. లోహాలకు టెఫ్లాన్ ఫిల్టర్ వాడు. స్టీలు పట్టుకారు ముట్టుకోకు, అందులో క్రోమియం, నికెల్ ఉంటాయి. ప్లాస్టిక్‌ది వాడు. ప్రతి పది ఫిల్టర్లకు ఒకటి బ్లాంక్, అంటే గాలి పట్టని ఫిల్టర్, ఉండాలి. అదీ ల్యాబ్ బీరువాలో కూర్చున్న బ్లాంక్ కాదు. మిగతా వాటితో పాటు ఆటో ఎక్కి, మేడ ఎక్కి, శాంప్లర్‌లో పెట్టి, పంపు వెయ్యకుండా వెనక్కి తెచ్చిన బ్లాంక్. ఎవరైనా ఇది టైం వేస్ట్ అంటే నా చలికాలం సంగతి చెప్పు.

ఈ సంగతి ప్రపంచానికి నేర్పినవాడు క్లేర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త. ఉల్కలోని సీసం కొలిచి 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆ కొలత కోసం కూర్చుంటే, ఎటు చూసినా సీసమే అడ్డొచ్చింది. నీళ్లలో, యాసిడ్‌లో, గదిలోని గాలిలో. దాంతో గదినే శుభ్రం చేసుకున్నాడు. తర్వాత ఇంత సీసం ఎక్కడిదని వెతుకుతూ పోతే పెట్రోలు దగ్గర తేలింది. 1965లో ఆ సంగతి రాసినప్పుడు పరిశ్రమ వాళ్లు ఆయన మీద పడ్డారు. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరి బంకుల్లో, అల్జీరియాలో, 2021లో ఆగింది. బ్లాంక్‌ను లక్ష్యపెట్టిన ఒక మనిషి పని ఎంత దూరం వెళ్లిందో చూడు.

ఇక మీ ఊరి సంగతి. విశాఖ ఒక గిన్నె. అటు యారాడ కొండ, ఇటు కైలాసగిరి, మధ్యలో ఊరు, పోర్టు, ఫ్యాక్టరీలు. పగలు గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వస్తుంది, రాత్రి ఊళ్లోంచి సముద్రం మీదికి పోతుంది. 24 గంటల ఫిల్టర్ ఈ రెండింటినీ కలిపేస్తుంది. అప్పుడు ఏది ఎటునుంచి వచ్చిందో నీకు తెలియదు. వీలైతే పగటికి ఒకటి, రాత్రికి ఒకటి పెట్టు. డబ్బు రెండింతలవుతుందని మీ గైడ్ అంటే, శాంపిల్ రోజులు తగ్గించుకో కానీ ఇది మానకు.

లోహం మట్టిలోంచి వచ్చిందా, మనిషి పనుల వల్ల వచ్చిందా అని తేల్చడానికి చాలామంది ఇనుమును కొలబద్దగా పెట్టుకుంటారు. మట్టిలో ఇనుముకూ ఈ లోహానికీ ఉండే నిష్పత్తి ఎంత, గాలిలో ఎంత అని పోలుస్తారు. విశాఖలో అది పనికిరాదు తల్లీ. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనప ఖనిజం రైళ్లలో వచ్చి ఓడలకెక్కేది ఆ పోర్టులోనే. ఆ ధూళి నీ లెక్కలోకి వస్తే ఇనుము పెరిగి, మిగతా లోహాలన్నీ తక్కువగా, అమాయకంగా కనిపిస్తాయి. అల్యూమినియం పెట్టుకో. పక్క ఊరి పద్ధతిని చూసి దింపుకుంటే పడే గుంట ఇదే.

సముద్రం పక్కన ఇంకో చిక్కు. ఉప్పులోని క్లోరిన్, ఐసీపీ-ఎంఎస్ మెషిన్‌లోని (లోహాలను వాటి అయాన్ల బరువును బట్టి కొలిచేది) ఆర్గాన్‌తో కలిస్తే 75 బరువున్న అయాన్ అవుతుంది. ఆర్సెనిక్ బరువు కూడా 75. మెషిన్‌కు ఆ రెండూ ఒకటే. అలా కలిసిన అయాన్లను వడకట్టే హీలియం సెల్ వేసి చూడకుండా "వన్‌టౌన్ గాలిలో ఆర్సెనిక్" అని ఎక్కడా నోరు విప్పకు. ఫిల్టర్ తూకంలో కూడా ఇదే ఉప్పు తేమ పీల్చుకుని బరువు పెంచుతుంది. పెట్టేముందు, తీశాక, ఒకే తేమలో ఒక రోజు ఆరబెట్టి తూచు.

ఇప్పుడు పిల్లల రక్తం. ఇక్కడ నీకు ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇది ఫిల్టర్ కాదు, ఒక తల్లి కన్న బిడ్డ. వేలికి సూది గుచ్చి తీస్తే ఆ వేలి మీది దుమ్ము రక్తంలో కలుస్తుంది. చెయ్యి సబ్బుతో కడిగించి, నరం నుంచి తీయించు. లోహాలకని ప్రత్యేకంగా తయారుచేసిన ట్యూబులే వాడు. రక్తంలో సీసం సుమారు నెల రోజుల్లో సగమవుతుంది, ఎముకలో మాత్రం దశాబ్దాలు ఉండిపోతుంది. కాబట్టి ఈ రోజు రక్తంలో కనిపించేది ముఖ్యంగా ఈ మధ్య చేరింది. దాని పక్కన రెండేళ్ల కిందటి గాలి లెక్క పెడితే అతకదు. గాలి, రక్తం ఒకే నెలలో తియ్యి.

2020 డిసెంబరులో ఏలూరు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. వందల మంది మూర్ఛలొచ్చి పడిపోయారు. మొదట రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఊరంతా టెన్షన్. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల వైపు మళ్లింది. ఆ వార్తలు చదువుతున్నంతసేపూ నా మనసులో ఒకటే ప్రశ్న: అదే వీధిలో జబ్బు పడని వాళ్ల రక్తంలో ఎంత ఉంది? రక్తంలో లోహం ఉండటం వేరు, జబ్బుకు అదే కారణం కావడం వేరు. పోర్టుకు దూరంగా, అదే ఆదాయం, అదే తిండి ఉన్న ఇంకో పేటలో పిల్లల్ని కూడా మొదటి రోజునుంచే తీసుకో. చివర్లో తీసుకుందామనుకుంటే ఆ రోజు రాదు.

ప్రశ్నల కాగితం నువ్వే రాయి, తెలుగులో రాయి, ఏ ఇంగ్లిష్ ఫారం నుంచీ దింపుకోకు. "నాన్న ఏం పని చేస్తాడు" అని అడిగితే "కూలి" అంటారు. "పాత బ్యాటరీలు విప్పుతాడా, పనిబట్టలు ఇంట్లోనే ఉతుకుతారా" అని అడగాలి. పసుపు విడిగా కొంటారా, నాటుమందు వాడుతున్నారా, ఇంటికి రంగు ఎప్పుడు వేశారు, ఇంట్లో బీడీ కాలుస్తారా అని అడుగు. బీడీ పొగలో కాడ్మియం ఉంటుంది. సీసం గాలిలోంచే వచ్చిందనడానికి మిగతా తలుపులన్నీ తట్టి చూశావా అని రేపు ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా.

ఇంకొక్క మాట, ఇది రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాను. ఏళ్ల కిందట ఒక పోర్టు పక్క పేటలో మేం శాంపిళ్లు తీస్తుంటే ఒకావిడ వచ్చి, కిటికీ గట్టును అరచేత్తో తుడిచి నా ముందు పెట్టింది. అరచెయ్యి నల్లగా, మధ్యలో కాస్త ఎర్రగా, కిటికీ ఊచ పడిన చోట మాత్రం తెల్లటి గీత. "రోజూ నాలుగుసార్లు తుడుస్తానమ్మా. ఇందులో ఏముందో చెప్తారా?" అంది. చెప్తానన్నాను. ఆ పని పేపరైంది, నాకు ప్రమోషన్‌లో పనికొచ్చింది. ఆ ఇంటికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

నువ్వు అలా చెయ్యకు. మొదటి ఏడాది బడ్జెట్‌లోనే తిరిగి వెళ్లడానికి డబ్బు పెట్టుకో. ప్రతి ఇంటికీ వాళ్ల బిడ్డ ఫలితం ఒక కాగితం మీద పెద్ద అక్షరాల తెలుగులో ఇవ్వు. పిల్లల రక్తంలో సీసానికి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 1991లో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర గీత గీసింది, 2012లో 5కి, 2021లో 3.5కి దించింది. ఆ గీత కింద ఉంటే భయం లేదని చెప్పకు, అలాంటి అంకె ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఎక్కువున్న బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించే ఏర్పాటు ముందే ఉండాలి. రక్తహీనత ఉన్న పిల్లల ఒంట్లోకి సీసం ఇంకా సులువుగా చేరుతుంది, కాబట్టి ఐరన్ చూడమను. నేల పొడిగా ఊడవొద్దని, తడిబట్టతో తుడవమని ఆ తల్లులకు నువ్వే కూర్చుని చెప్పు. పనిలో చేరేముందు ఆ వీధి ఆశా కార్యకర్తతో ఒకరోజు తిరుగు. నీ గైడ్ కంటే ఆవిడకు ఆ ఇళ్లు బాగా తెలుసు.

భోగికి ఇంకా రెండు నెలలుంది. ముందు రోజు, భోగి రోజు, మర్నాడు, మూడు రోజులూ ఫిల్టర్లు పెట్టు. మంటల్లో పాత టైర్లు వేస్తే గాలిలో జింక్ పెరగాలి, రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలుపుతారు కదా. నీ శాంప్లర్, నీ మెషిన్ దాన్ని పట్టుకుంటున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఈసారి గ్లోవ్స్ పౌడర్ లేని నైట్రైల్‌వి వాడు, అయినా వాటినీ ఒకసారి బ్లాంక్‌తో చూసుకో.

మీ నాన్న ఆదివారం వస్తున్నాడు కదా, ఆయనతో నా ప్లాస్టిక్ పట్టుకార్లు రెండు, పాత నోటుబుక్కులు మూడు పంపుతున్నాను. ఎర్ర అట్ట దానిలో ఆ పేట ఇళ్ల చిత్రం గీసి ఉంది. బావి పక్కన, పెంకుటిల్లు. వీలైతే వెళ్లి, ఆవిడ ఉందేమో చూడు.

మీ పెద్దమ్మ