ఒంగోలు పార్కుల్లో వాకింగ్ ట్రాక్ రెండు మూడేళ్ళకే ఎందుకు పగిలిపోతుంది?

సిమెంటు తక్కువై అని అందరూ అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు అసలు కారణం కింద ఉన్న నల్లరేగడి. అక్టోబరు, నవంబరు వానలకు తడిసి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైన 10 సెంటీమీటర్ల కాంక్రీటు ఎంత గట్టిగా పోసినా ఆ కదలికను ఆపలేదు.

చేయాల్సిన పని ట్రాక్ కిందే. కనీసం 60 సెంటీమీటర్ల లోతున రేగడి తీసేయాలి. గ్రావెల్‌ను 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి రోలర్ తిప్పాలి. ఒకేసారి నింపి పైపైన తొక్కిస్తే మొదటి వానకే కుంగుతుంది. పైన కాంక్రీటు కంటే పేవర్ టైల్సే మేలు: కదిలిన చోట ఊడదీసి మళ్ళీ పరుచుకోవచ్చు. అంచురాయి మాత్రం తప్పనిసరి, లేకపోతే టైల్స్ పక్కకు జారతాయి. నీళ్ళు నిలవకుండా మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు చాలు.

రావి, మర్రి ట్రాక్‌కు దగ్గర్లో వద్దే వద్దు, వేళ్ళు పైకి లేపేస్తాయి. వేప, కానుగ కాస్త ఉప్పు బోరునీళ్ళనూ తట్టుకుంటాయి. వాటినీ 3 మీటర్ల ఎడంగా నాటాలి. అంచు వెంబడే డ్రిప్ పైపు వేస్తే ఒక పక్క నేల ఎప్పుడూ తడిగా ఉండి, నిలువునా పగులు వస్తుంది.

2015లో మొదలైన అమృత్ పథకంలో (పట్టణాల్లో సౌకర్యాలకు కేంద్రం నిధులిచ్చిన పథకం) నెల్లూరు, ఒంగోలు రెండూ ఉండేవి. అందులో పార్కుల వాటా గరిష్ఠంగా 2.5 శాతమే ఉండేది. అంత తక్కువ డబ్బులో ముందు పునాదికి పెట్టాలి, ఫౌంటెన్ తర్వాత చూసుకోవచ్చు.