బోరు నీళ్లు, పెసలు, ఒక షీటు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నల్లగొండలో హాస్టల్లో ఉంటూ బీజెడ్‌సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు దించుకోవడమే. రీసెర్చ్ చేయాలని ఉంది కానీ డేటా అనాలిసిస్ రాకపోతే ముందుకు పోలేవని అందరూ భయపెడుతున్నారు. ల్యాప్‌టాప్ లేదు, ఫోనే ఉంది. డబ్బు కట్టి పైథాన్ కోర్సులో చేరాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే కట్టకు బిడ్డా. డేటా లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాషలు పైథాన్, ఆర్ (R) రెండూ ఉచితమే. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా పైథాన్ రాసుకునే గూగుల్ కొలాబ్ సైటు ఫోన్ బ్రౌజర్లో కూడా తెరుచుకుంటుంది, చిన్న స్క్రీన్ మీద చిరాకు పుడుతుంది గానీ పని నడుస్తుంది. ముందు నీ చేత్తో లెక్కపెట్టిన అంకెలు కొన్ని ఉండాలి కదా, అవి లేకుండా కోర్సులో చేరితే వాళ్లిచ్చిన పువ్వుల కొలతలతోనే ఆడుకుని బయటికొస్తావు.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ బోరు నీళ్లు ఒక డబ్బా, భగీరథ నల్లా నీళ్లు ఒక డబ్బా పట్టుకో. పది గిన్నెలు, ఒక్కో దాంట్లో 20 పెసలు. ఐదింటికి బోరు నీళ్లు, ఐదింటికి నల్లా నీళ్లు. ఏ గిన్నెకు ఏ నీళ్లో చీటీలు వేసి తేల్చు, ఎందుకంటే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను ఒక రకం కుండీలన్నీ కిటికీ పక్కన, రెండో రకం గోడవైపు పెట్టి, మూడు నెలలు ఎండ తేడాను మందు తేడా అనుకుని మురిసిపోయాను. వేరు కనీసం 2 మిల్లీమీటర్లు బయటికొస్తేనే మొలక అని ముందే రాసుకో. రోజూ అదే వేళకు, మూడు రోజులు లెక్కపెట్టు. కుదిరితే ఏ గిన్నెలో ఏ నీళ్లున్నాయో తెలియని రూమ్మేట్‌తో లెక్కపెట్టించు, మన కళ్లు మనకు కావలసిందే చూస్తాయి.

ఫోన్లో గూగుల్ షీట్స్ చాలు. తేదీ, గిన్నె నెంబరు, నీళ్లు, మొత్తం గింజలు, మొలిచినవి, ఇవే కాలమ్స్. ఒక గిన్నెకు ఒక రోజు ఒక వరుస, అంటే 30 వరుసలు. గడిలో అంకె ఒక్కటే ఉండాలి, '14 అనుకుంటా' లాంటివి వద్దు. ఒక్కటీ మొలవకపోతే సున్నా వేయి, లెక్కపెట్టడం మరిచిపోతే ఖాళీగా వదులు. ఈ రెండూ కలిసిపోతే సగటు మొత్తం తప్పుతుంది.

ఇంకోటి. 200 గింజలున్నాయి కాబట్టి శాంపిల్ 200 అనకు. ఒకే గిన్నెలోని గింజలు ఒకే నీళ్లు, ఒకే వేడి పంచుకుంటాయి, కాబట్టి నీ లెక్క ఐదుకు ఐదు గిన్నెలే. పీహెచ్‌డీ వాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. ఐదంటే తక్కువేం కాదు, రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే టీ-టెస్ట్ పుట్టిందే ఇలాంటి చిన్న శాంపిళ్ల కోసం. గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో దాన్ని అచ్చువేశాడు. అయితే టెస్ట్ కంటే ముందు పది గిన్నెలకూ పది చుక్కలు పెట్టి గ్రాఫ్ గీసి చూడు, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

తేడా వస్తే వెంటనే 'ఫ్లోరైడ్ వల్లే' అని మాత్రం రాయకు. మన జిల్లాలో నోటికి ముందు వచ్చే మాట అదే గానీ బోరు నీళ్లలో ఉప్పులు ఇంకా చాలా ఉంటాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. అది మనిషికి పెట్టిన హద్దు, పెసలకు కాదు. ఫ్లోరైడ్ ఒక్కదాన్నే పరీక్షించాలంటే ఒకే నీటిలో సోడియం ఫ్లోరైడ్ కొలిచి కలపాలి. అది విషం, హాస్టల్లో వద్దు, లెక్చరర్‌ని అడిగి ల్యాబ్‌లోనే చేయి. ఈ షీటు చూపించి అడిగితే ల్యాబ్ తాళం తీయడానికి వాళ్లకూ ఒక కారణం దొరుకుతుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి అప్లై చేసేటప్పుడు కూడా రాసుకోవడానికి నీదంటూ ఒకటుంటుంది.

పెసలు నానబెట్టే ముందు పుచ్చువి ఏరెయ్యి. ఎన్ని ఏరావో కూడా రాసిపెట్టు.