ఊడిన పైపు గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అట్లాంటాలో పాత మియాటా కొన్నావనీ, దానిలో టెన్నెసీ కొండల్లోకి వెళ్తావనీ మీ అమ్మ చెప్పింది. 1989లో మాజ్డా వాళ్లు ఆ రెండు సీట్ల బండిని లోకానికి చూపించిన రోజుల్లో నేను ఒంగోలు షెడ్డులో అంబాసిడర్ల కింద పడుకుని ఉండేవాణ్ని. ఇప్పుడు నా మేనల్లుడు దాని బానెట్ ఎత్తుతున్నాడంటే గర్వంగానే ఉంది. కానీ ఆ కొండదారిలో 11 మైళ్లకు 318 మలుపులట! పైగా ఊడిపోయిన పైపు ఫోటో పంపి, "ఏదో ఒకదానికి తగిలించేస్తాను మామయ్యా" అంటావా? నీ చెవి మెలిపెట్టడానికి ఇంత దూరంలో ఉన్నాను కాబట్టి బతికిపోయావు.

ఇంజిన్ చల్లారనివ్వు. ముట్టుకునే ముందే ఫోటోలు తీసుకో. తర్వాత పైపు కొస వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే అది ట్యాంకు ఆవిరిని, దాన్ని పీల్చి పట్టి ఉంచే బొగ్గు డబ్బాకు చేర్చే పైపు కావచ్చు. లోపల నూనె జిడ్డు ఉంటే ఇంజిన్ గాలి బయటికి వదిలే పైపు. తియ్యటి వాసన, జిగట ఉంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటుది. అది ఊడిన చోటును కూడా వెతుకు. చుట్టూ మసి పట్టి ఉన్నా, ఏళ్ల తరబడి రబ్బరు కప్పుకున్న మేర లోహం వేలెడు వెడల్పున శుభ్రంగా మెరుస్తుంది. లావు సరిపోయినంత మాత్రాన జత కాదు.

పొడిగా, కాస్త లావుగా ఉందా? నాకు భయం దానితోనే.

1992 కార్తీకంలో ఒక పొగాకు వ్యాపారి కారు షెడ్డుకు వచ్చింది. నిలబెట్టి ఉంచితే ఇంజిన్ వణుకుతోంది, లోపల బుస్సుమని చప్పుడు. చూస్తే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌లెట్ మానిఫోల్డు దగ్గర పైపు పగిలి ఊడిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. వాళ్లకేమో మర్నాడే శ్రీశైలం ప్రయాణం. ఆ మూతికి చిన్న రబ్బరు ముక్క తొడిగి, అందులో బోల్టు బిగించి క్లిప్పు వేశాను. ఇంజిన్ కుట్టుమిషనులా నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. డ్రైవరు షెడ్డు చుట్టూ ఒక రౌండు వేసి వచ్చి, "పెడల్ గట్టిగా ఉందన్నా" అన్నాడు. "కొత్త ప్యాడ్లు, అలవాటవుతుందిలే" అన్నాను. నేను మూసింది బ్రేకు బూస్టరుకు, అంటే ఇంజిన్ పీల్పుతో పెడల్ తొక్కే కాలికి బలమిచ్చే డబ్బాకు, వెళ్లే దారి.

సేటు రమ్మంటే నేనూ వెళ్లాను. దర్శనమయ్యాక దోర్నాల వైపు ఘాటు దిగుతున్నాం. ఒక మలుపులో ఎదురుగా బస్సు. డ్రైవరు సీట్లోంచి సగం లేచి రెండు కాళ్లతో పెడల్ మీద నిలబడ్డాడు. బండి వేగం తగ్గుతోంది కానీ చాలడం లేదు. నేను హ్యాండ్ బ్రేక్ లాగాను, అతను కొండవైపు కాలువలోకి తిప్పేశాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వెనక సీట్లో పిల్లవాడు పిడికిట్లో నలిగిన పులిహోరను చూసుకుంటూ ఏడుపు మరిచిపోయాడు. వేగంగా నడిపావని సేటు డ్రైవర్ని తిట్టాడు, వారం తిరక్కుండానే మాన్పించాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ రాత్రే ఎవరూ చూడకుండా బోల్టు పీకేశాను.

ఇది మీ అత్తకు కూడా చెప్పలేదు.

కాబట్టి ఇలా చెయ్యి. ఇంజిన్ ఆపి బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు తొక్కు. గట్టిపడ్డాక తొక్కిపట్టి స్టార్టు చెయ్యి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే కొండల మాట మరిచిపో, బండి కదిలించకు. ఆ బూస్టరు పైపులో గాలిని ఒకే వైపు వెళ్లనిచ్చే వాల్వు ఉంటుంది, కొత్తది వేస్తే దాన్ని తిరగేసి బిగించకు. ఆ బండికి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దాని ఆవిరి బయటికి పోయే సన్న గొట్టాలు ఊడలేదు కదా, అదీ చూడు.

పెడల్ దిగిందో లేదో ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే. ఆ డ్రైవరుకు ఇచ్చిన జవాబు నీకు ఇవ్వను.

మీ మామయ్య